బండారి పూసిన ఏరియల్

మొన్న ఎడిన్‌బర్గ్‌లో వాన పడుతుండగా కారు తీసి రేడియో పెడితే గరగరమంది. ఒక మాట వినిపించడం, రెండు మాటలు మింగేయడం, మళ్ళీ ఒక మాట. పక్క సీట్లో ఉన్న మా ఆయన వెంటనే చెయ్యి చాచి ఆ బటన్, ఈ బటన్ నొక్కడం మొదలుపెట్టాడు.

"ఆగు," అన్నాను, వేలు పైకెత్తి. "ముందు అనుమానం, తర్వాత స్క్రూడ్రైవర్."

అన్నాక నాకే గుండె కలుక్కుమంది. ఆ ఎత్తిన వేలూ నాది కాదు, ఆ మాటా నాది కాదు. రెండూ లీసెస్టర్‌లో నేను అద్దెకున్న ఇంటి అంకుల్‌వి. ఆయన పోయి అప్పటికి నెల కూడా కాలేదు.

నేను మాస్టర్స్ ముగించి, లీసెస్టర్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షల ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్ళింటి మేడ మీద గది తీసుకున్నాను. అంకుల్, ఆంటీ ఇద్దరూ వరంగల్ వైపువాళ్ళు. పిల్లలు లేరు. ఆయన కౌన్సిల్‌లో వీధి దీపాల ఇంజనీరు. పొద్దున షిఫ్టులకి నన్ను కారులో దింపేవారు. దారిలో ఎక్కడైనా ఒక దీపం వెలగకపోతే ఎవరో తనని తిట్టినట్టు మొహం మాడ్చుకునేవారు. నేను కాకినాడ పిల్లని. నా 'అండీ'లని ఆయన వెక్కిరించేవారు, ఆయన 'జర'లని నేను వెక్కిరించేదాన్ని. కారు దిగేటప్పుడు మాత్రం రోజూ నాకే అక్షింతలు పడేవి. "అది కారు తలుపు బిడ్డా, బీరువ తలుపు కాదు!"

మనిషి చూడ్డానికి ఏమంత కాదు. పొట్టి, బట్టతల, చలికాలమంతా ఒకటే గోధుమరంగు స్వెట్టర్. కానీ ఆ చెవులు! మనం ఏదో ముఖ్యమైన సంగతి చెబుతుంటాం, మధ్యలో వేలు లేస్తుంది. "ఆగు." కుడికన్ను మూసుకుంటారు, తల ఒక పక్కకి వంచుతారు. ఫ్రిజ్ మోత మారిందనో, బాయిలర్ దగ్గుతోందనో కనిపెట్టేదాకా మన సంగతి గాల్లో వేలాడాల్సిందే. నాకు ఒళ్ళు మండేది. ఒకసారి మా అమ్మకి ఒంట్లో బాగాలేదని కళ్ళనీళ్ళు పెట్టుకుని చెబుతుంటే కూడా వేలెత్తారు. "నీ దగ్గుల తేడ ఉన్నది. జీపీ డాక్టరుకు చూపిచ్చుకున్నవా?" చూపించుకుంటే న్యుమోనియా అని తేలింది. దాంతో ఆయన్ని తిట్టుకునే అవకాశం కూడా పోయింది.

ఆంటీకి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. రోజు విడిచి రోజు డయాలసిస్. సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ మోచేతి దగ్గర రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు దాన్ని. అక్కడ వేలు పెడితే లోపల జుమ్ముమంటూ ఉంటుంది. చెవి ఆనిస్తే సన్నటి హోరు. ఆ హోరు ఆగిందంటే లోపల రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయినట్టు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. రోజూ చూసుకోమని నర్సు చెప్పింది ఆంటీకి. ఆంటీ ఏనాడూ చూసుకున్న పాపాన పోలేదు. ఆ పని అంకుల్ తనది చేసుకున్నారు. పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర ఆవిడ చెయ్యి అందుకుని, చెవి ఆనించి, కుడికన్ను మూసి వినేవారు. ఆ కాసేపూ చెంచా చప్పుడు కూడా కాకూడదు. నేను బ్రెడ్డుముక్క చేత్తో పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని. ఆయన మొహం చూస్తుంటే, ఇవాళ వినపడదేమో, ఇవాళే ఆగిపోయిందేమో అని రోజూ భయం వేసేది.

"వస్తున్నది," అనేవారు చివరికి.

"రాకుంట ఎటు పోతది? చాయ తాగుండ్రి, సల్లగైతున్నది," అనేది ఆంటీ.

కొత్త కిడ్నీ కోసం ఆవిడ పేరు వరుసలో ఉంది. అయితే లీసెస్టర్‌లో కాదు. వాళ్ళు ఇదివరకు ఉండి వచ్చిన ఊళ్ళో. ఎం-వన్ మోటర్‌వే మీద బాగా ఉత్తరానికి వెళ్ళాలి. అక్కడి డాక్టరంటే ఆంటీకి గురి. ఫోన్ ఏ పూటైనా రావచ్చు. వచ్చాక కొన్ని గంటల్లో అక్కడుండాలి. ఉండకపోతే ఆ కిడ్నీ వరుసలో తర్వాతి మనిషికి వెళ్ళిపోతుంది. మళ్ళీ ఎప్పుడు వస్తుందో, అప్పటికి ఆంటీ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

అందుకని అంకుల్ కారుని కూడా ఆ వరుసలోనే నిలబెట్టారు. పెట్రోలు సగానికి తగ్గకూడదు. డిక్కీలో సర్దిన బ్యాగు, దుప్పటి, టూల్‌బాక్స్ ఎప్పుడూ ఉండాలి. ఎం-వన్ మూసేస్తే ఏ జంక్షన్‌లో దిగాలి, ఏ ఊళ్ళ మీదుగా పోవాలి అన్నది ఆదివారాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిరిగి చూసుకున్నారు. మూసేశారన్న సంగతి ముందుగా తెలియాలంటే మాత్రం రేడియో ఒక్కటే దిక్కు. అప్పటి మా ఫోన్లు మాట్లాడ్డానికీ మెసేజ్‌లకే. దారి చెప్పే శాట్‌నావ్ అంటే ఆయనకి పడదు. "మిషిన్ చెప్పినట్టు నేను తిరగాల్నా?" అనేవారు. కారులో డిజిటల్ రేడియో ఉంది. రోడ్డు మీద ఏదైనా జరిగితే పాట దానంతటదే ఆగి ట్రాఫిక్ కబురు వస్తుంది. అమెరికాలో ఉన్న బావమరిది తన కారులో శాటిలైట్ రేడియో ఉందని గొప్పలు పోతే, "నీకు సుక్కలకెల్లి పాటలొస్తయి. నాకు రోడ్డు సంగతి చెప్పేటిది ఉంటె సాలు," అని ఫోన్ పెట్టేశారు.

ఆ రేడియో దసరా దాటాక చెడింది.

దసరాకి ఆంటీ కారుకి పూజ చేసింది. కుంకుమ బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు. ఇంటి ముందు కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు కారు నెత్తిన చల్లింది. పక్కింటి ఇంగ్లీషు ముసలావిడ కంచె మీంచి కళ్ళార్పకుండా చూసింది. ఆంటీ తమ్ముడు ఊరి నుంచి కొమురెల్లి మల్లన్న బండారి పంపాడు. బండారి అంటే పసుపే, దేవుడి దగ్గరి పసుపు. దాన్ని తడిపి కారు కప్పు మీదున్న రేడియో ఏరియల్ మొదట్లో దట్టంగా మెత్తి, పసుపుకొమ్ము కట్టిన దారం చుట్టూ బిగించింది. ఏరియల్‌కే ఎందుకంటే, కారు మీద నిలువుగా ఉన్నది అదొక్కటే.

"మల్లన్నా, ఫోనొచ్చి, నేను పొయ్యి, మంచిగ ఇంటికి తిరిగొచ్చేదాక ఇది ఇప్పేది లేదు," అని మొక్కింది.

అంకుల్ చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డారు. "ఇదంత మీ ఆంటీ డిపార్ట్‌మెంట్. నాకు నమ్మకం లేదు," అన్నారు నాతో.

వానలు పట్టాక రేడియో గరగరలాడడం మొదలైంది. ఎండకాస్తే పలికేది, తడిస్తే మూగబోయేది. ఇక చూడాలి ఆయన్ని. కోటు వేసుకుని, టార్చి నోట్లో పెట్టుకుని కారులో దూరేవారు. ముందు ఫ్యూజ్ చూశారు, బాగానే ఉంది. రేడియో బయటికి లాగి, వెనకాల ఏరియల్ వైరు పీకి, దాని బదులు కొలీగ్ దగ్గర తెచ్చిన చిన్న టెస్ట్ వైరు గుచ్చారు. ఖంగుమని పలికింది. అంటే రేడియో తప్పు కాదు. లోపలి లైటు దగ్గర కప్పు ఊడదీసి అక్కడి ప్లగ్గు చూశారు, గట్టిగానే ఉంది. అక్కణ్ణుంచి కిందికి వచ్చే వైరు కూడా పరీక్షించారు, ఎక్కడా తెగలేదు. మిగిలింది ఒక్కటే, పైన ఏరియల్ మొదలు. అక్కడిదాకా వచ్చి ఆయన ఆగిపోయేవారు. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని ఇంట్లోకి వచ్చేసేవారు. వారం తిరిగేసరికి మళ్ళీ ఫ్యూజ్ దగ్గర మొదలుపెట్టేవారు.

ఇదేమిటో నాకు అర్థం కాలేదు. ఇంత తెలిసిన మనిషి! ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

"అంకుల్, అక్కడ తడి పసుపు ముద్ద దసరా నుంచీ ఉందండి. కొబ్బరినీళ్ళు కూడా పడ్డాయి. తుప్పు పట్టకుండా ఎలా ఉంటుందండీ?"

"నీకు రక్తం టెస్టులు తెలుసు. రేడియోలు నాకు తెలుసు. గాయి గాయి చెయ్యకు."

"పోనీ ఒక్కసారి విప్పి, తుడిచి, మళ్ళీ కట్టేయొచ్చు కదండీ. మీకు నమ్మకం లేదన్నారుగా!"

"నాకు లేదు. మీ ఆంటీకి ఉన్నది," అన్నారు. నిజమే కాబోలు అనుకున్నాను. "ఆమెకు ఈ ముచ్చట చెప్పినవో, మర్యాదుండదు," అని కూడా అన్నారు. అంత కఠినంగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఫోన్ ఒక శనివారం మధ్యాహ్నం వచ్చింది. భోజనాలకి కూర్చోబోతున్నాం. అంకుల్ ఫోన్ చెవికి ఆనించి, కుడికన్ను మూసి విన్నారు. పెట్టేసి కారు తాళాలు అందుకున్నారు. తర్వాత, "నడువుండ్రి," అన్నారు. ఆంటీ తన కంచం పక్కకి జరిపి, గోంగూర పప్పు గిన్నె మీద మూతపెట్టి, నాకేసి చూసి, "నువ్వు గూడ రా బిడ్డా. ఈయన ఒక్కడే ఆగమైతడు," అంది.

బయట వాన. ఎం-వన్ ఎక్కాక కొంతదూరం బాగానే సాగింది. అంకుల్ స్టీరింగ్ మీదికి వాలిపోయి నడుపుతున్నారు. వెనక సీట్లో ఆంటీ గ్యాస్ కట్టేశామా లేదా అని ఆలోచిస్తోంది. రేడియోలో పాట వెనక చిన్నగా గరగర వినపడుతూనే ఉంది. అంతలో ముందున్న కార్లన్నీ ఎర్రదీపాలు వేశాయి. మెల్లగా కదిలి, పూర్తిగా ఆగిపోయాయి. కొంచెం ముందర జంక్షన్ బోర్డు కనిపిస్తోంది. అక్కడ దిగిపోతే ఊళ్ళ మీదుగా చుట్టుదారి, చాలాసేపు పడుతుంది. దిగకుండా ఉండి, ముందు రోడ్డు మూసేసి ఉంటే ఇక తిరిగే వీలు లేదు. తర్వాతి జంక్షన్ ఎక్కడో ఉంది.

అప్పుడే పాట ఆగింది. "ఎం-వన్... నార్త్‌బౌండ్... బిట్వీన్ జంక్షన్..." అని, అసలు కావలసిన అంకె దగ్గర గొంతు నులిమినట్టు గరగరమని మూగబోయింది. అంకుల్ డాష్‌బోర్డ్ మీద అరచేత్తో కొట్టారు. కారుని ఆయన కొట్టడం నేను చూడ్డం అదే మొదలు. దిగి డిక్కీ తెరిచి టూల్‌బాక్స్ అంతా తిరగేశారు. ఆ టెస్ట్ వైరు లేదు. ఇంట్లో గరాజ్ షెల్ఫ్ మీద ఉండిపోయింది. ఏదీ మర్చిపోని మనిషి అది మర్చిపోయారు. పక్క లేన్‌లో ఉన్న వ్యాను దగ్గరికెళ్ళి డ్రైవరు వైపు అద్దం తట్టారు. అతను చెవుల్లోంచి పాటల వైరు తీసి, "నో ఐడియా, మేట్," అని మళ్ళీ పెట్టుకున్నాడు. వెనక కారులో పిల్లలు సీడీ పెట్టుకుని ఊగుతున్నారు. ఆయన తడిసి ముద్దై వచ్చి కూర్చున్నారు. టైము పోతోంది. ఆ కిడ్నీ ఎక్కడో ఐసు పెట్టెలో ఉంది.

"ఏమైంది? ఇద్దరు ఏం దాస్తున్నరు?" అంది ఆంటీ.

నేను ఇక ఆగలేకపోయాను. "రేడియో పలకట్లేదు ఆంటీ. పైన ఏరియల్ మొదట్లో తుప్పు పట్టింది. మీరు దారం కట్టిన చోట."

"నేను కట్టిన కాడనా? ఎన్నడు సంది?"

"దసరా నుంచి."

ఆంటీ ముందు సీటు వెనక భాగాన్ని పట్టుకుని ముందుకు వంగింది. "ఏమయ్యా, గిన్నొద్దులు ఎందుకు చెప్పలే? ఇప్పుండ్రి."

అంకుల్ కదల్లేదు. స్టీరింగ్ రెండు చేతుల్తో పట్టుకునే ఉన్నారు.

"నువ్వు మొక్కినవ్," అన్నారు.

"మొక్కింది నేను. ఇప్పుండ్రి అంటున్న."

"నాతోటి కాదు."

"మీకు నమ్మకమే లేదంటిరి గద?"

"లేదు!" అని అరిచారు ఆయన. ఆ వెంటనే గొంతు దిగిపోయింది. "ఇప్పినంక నీకేమన్నయితే?"

నాకు అప్పుడు తెలిసింది, ఆ ఇంట్లో ఆ దారాన్ని నమ్ముకుని బతుకుతున్నది ఎవరో. ఆంటీ బ్యాగులోంచి గోళ్ళ కత్తెర తీసి, తలుపు తెరిచి వానలోకి దిగింది. నేను గొడుగు పట్టుకుని పరుగెత్తాను. ఆవిడ తలుపు కింద గడప లాంటి అంచు మీదికి ఎక్కి, కప్పు పట్టుకుని నిలబడింది. దారం బిగుసుకుపోయి కర్రలా ఉంది.

"మల్లన్నా, నువ్వే అడ్డముంటె ఎట్ల? జర పక్కకు జరుగు," అంది. మామూలుగా, బస్సులో పక్కవాళ్ళతో అన్నట్టు. కోసేసింది. పసుపుకొమ్ముతో సహా దారాన్ని కిటికీలోంచి ఆయన ఒళ్ళో వేసి, "ఇగ మీ డిపార్ట్‌మెంట్," అని వెళ్ళి కూర్చుంది.

ఆ మాటకి ఆయనలో మనిషి తిరిగొచ్చాడు. దిగి ఏరియల్ మర తిప్పి ఊడదీశారు. కింద పచ్చటి తుప్పు, నల్లబడ్డ పసుపు ముద్ద. చాకు మొనతో గీకారు, గరుకు కాగితంతో రుద్దారు. నా బ్యాగులో ల్యాబు స్పిరిట్ తుడుపులు ఉంటే అందించాను. స్వెట్టర్ చేతిని లోపలికి కుక్కి తడి అద్దారు. నేను గొడుగు ఆయన మీద కాదు, ఆ చిన్న కన్నం మీద పట్టాను. మళ్ళీ బిగించి లోపలికి వచ్చి కూర్చున్నారు. ముగ్గురం ఆ పెట్టెకేసి చూస్తున్నాం. వంటింట్లోలాగే ఎవ్వరం కదల్లేదు.

రేడియో శుభ్రంగా మాట్లాడింది. జంక్షన్ దాటిన తర్వాత లారీ బోల్తా పడింది, రోడ్డు రెండు వైపులా మూసేశారు, గంటలు పడుతుంది, ముందే దిగిపోండి.

జీవితంలో ఎప్పుడూ స్పీడు లిమిట్ దాటని మనిషి, లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉండగా కారుని ఆపదకి తప్ప ఎక్కకూడని అంచు లేన్‌లోకి తిప్పారు. హారన్లు, తిట్లు. ఆయన వినలేదు. జంక్షన్‌లో దిగి, ఆదివారాలు మేము తిరిగిన ఊళ్ళ మీదుగా తీసుకెళ్ళారు. చెంపలు తడిగా ఉన్నాయి. వాన నీళ్ళే అన్నట్టు తుడుచుకుంటూనే ఉన్నారు.

మేము వెళ్ళేసరికి నర్సు వీల్‌చెయిర్‌తో గుమ్మంలోనే నిలబడి ఉంది. కిడ్నీ సరిపోయింది. ఆపరేషన్ తర్వాత ఆంటీ కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "రేడియో మంచిగొస్తున్నదా?" అంకుల్ కిటికీ వైపు తిరిగిపోయారు. అంతా ఆ తుప్పు వల్లేనని నా దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. "ఫ్యూజ్ గూడ జర లూజుండె," అన్నారు. ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది.

డయాలసిస్ ఆగిపోయింది. ఆంటీ చేతిలో ఆ కుట్టు మాత్రం ఉండిపోయింది, హోరు కూడా. ఇక రోజూ చూడక్కర్లేదని డాక్టరు చెప్పాడు. అంకుల్ తలూపి వచ్చి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ చెవి ఆనించారు. నేను పెళ్ళి చేసుకుని ఎడిన్‌బర్గ్ వచ్చేదాకా ఒక్క పొద్దు కూడా మానడం చూడలేదు.

ఆయన గుండె ఒక పొద్దున వంటింట్లోనే, టీ పెడుతూ ఉండగా ఆగిపోయిందట. ఏ హెచ్చరికా లేదు, ఏ గరగరా లేదు. ఇల్లంతా విన్న మనిషికి తన లోపలిది వినపడలేదు. నాకు ఇప్పటికీ ఆ విషయం మీద కోపం.

కబురు తెలిసి లీసెస్టర్ వెళ్ళాను. మర్నాడు పొద్దున మేడ దిగి వచ్చేసరికి ఆంటీ బల్ల దగ్గర కూర్చుని ఉంది. రెండు కప్పుల టీ పోసింది. కుడిచేత్తో ఒకటి నా వైపు జరిపింది. ఎడమచెయ్యి బల్ల మీద చాచి, అరచెయ్యి పైకి పెట్టి ఉంది. తను అలా పెట్టుకున్నట్టు ఆవిడకి తెలుసో లేదో.

నేను కప్పు పక్కన పెట్టి, వంగి, ఆ మోచేతికి చెవి ఆనించాను. కుడికన్ను దానంతటదే మూసుకుంది. సన్నగా, ఆగకుండా, అదే హోరు.

"వస్తోంది ఆంటీ," అన్నాను.

ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది.

"వస్తది బిడ్డా, ఎటు పోతది. వినెటాయిననే పాయె."